సున్నా పక్కన అంకె

మంగళవారం, 6

అక్క పడిపోయింది. ఆసుపత్రిలో చేర్చాం. కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. మాట రావడం లేదు. పక్షవాతం అని డాక్టరు చెప్పాడు.

నేను ఆ సమయంలో రంగు తొట్టి దగ్గర ఉన్నాను.

కంప్యూటర్ ఆపలేదు. తెల్లగుడ్డ కప్పి వచ్చాను.

బుధవారం, 7

ఈ పాత మచ్చుల పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. రాసుకుంటే కాస్త కుదురుగా ఉంటుంది. ఎవరితోనైనా చెప్పుకుంటే కంగారు పడకు అంటారు. ఆ మాట వింటేనే నాకు కంగారు.

అక్క నేర్పింది మరిచిపోతానేమోనని ముందు అది రాస్తున్నాను. తెర మీద నక్షత్రం గుర్తు కనబడాలి. దాని పక్కన బ్రాకెట్ తెరవాలి. రంగు అని కొట్టాలి. నీలం అని కొట్టాలి. నూలు ఎన్ని కిలోలో ఆ అంకె కొట్టాలి. బ్రాకెట్ మూయాలి. మూడు పొడులు ఎన్నెన్ని గ్రాములు వేయాలో వస్తుంది. నేను తూచి తొట్టిలో వేస్తాను. అంతే.

నలభై ఏళ్లుగా తొట్టి నాది. లెక్క మా ఆయన ఉన్నన్నాళ్లూ ఆయనది, తర్వాత అక్కది. అక్క లెక్కల టీచరు. రిటైరై వచ్చి, ఈ పుస్తకంలోని కొలతలన్నీ తనే ఏదో రాసి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. నేను ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాను, అర్థం తెలియదు.

ఇవాళ గుడ్డ తీసి చూశాను. నక్షత్రం లేదు. పైన ఇంగ్లీషు వరసలు. అన్నిటికంటే కింద ఒక సున్నా, దాని పక్కన మూసిన బ్రాకెట్. తెరవకుండానే మూసింది. తెరవందే మూయకూడదని అక్క నాకు వంద సార్లు చెప్పింది. యంత్రానికి ఎవరు చెప్పాలి.

నలభై కిలోలు అని కొట్టి చూశాను. గబగబా వరసలు వచ్చాయి. చివర సున్నా, పక్కన బ్రాకెట్‌లో రెండు.

నక్షత్రం అని కొట్టాను. మూడు అయింది.

వద్దు అని కొట్టాను. నాలుగు.

గుడ్డ కప్పాను.

గురువారం, 8

అక్కకు జ్వరం. అంకె ఆరు.

తొట్టి దగ్గర ఉన్నానని మొన్న రాశాను. తొట్టి దగ్గరే ఉన్నాను. అక్క పిలిస్తే వెళ్లాను. అది వేరే.

శుక్రవారం, 9

మా దగ్గర నూలు అద్దించుకునే మగ్గాలాయన వచ్చాడు. అక్క గురించి అడిగి, కుర్చీలో కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నూలు గురించి వెంటనే అడగలేక కాసేపు గోడలు చూశాడు.

"చెప్పండి అన్నయ్యగారూ" అన్నాను నేనే.

"ఏం లేదు చెల్లెమ్మా. మొదటి నలభై కిలోలూ నేత అయిపోవచ్చింది. రెండో నలభై ఇరవై ఆరుకల్లా మగ్గాల దగ్గరకు చేరాలి. నాటకశాల వాళ్లు తేదీ మార్చరు."

"పంపుతాను."

"అదే నీలం కావాలి. సగం పరదా ఒక నీలం, సగం ఇంకో నీలం అయిందనుకో, వచ్చినవాళ్లు నాటకం మానేసి పరదా చూస్తారు."

"అదే నీలం పంపుతాను" అన్నాను.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "పోనీ ఇంకెవరికైనా ఇవ్వమంటావా? నువ్వొక్కదానివే కదా. అక్కయ్యగారు ఏమీ అనుకోరు."

అక్క ఏమీ అనుకోదు. నోరు లేదు కదా ఇప్పుడు. ఈ షెడ్డులో అద్దాల్సిన నూలును మరొకరు అద్దారని వింటే మాత్రం లేచి కూర్చుంటుంది. లేచి కూర్చుంటే మంచిదే అనుకోండి. ఎవరికి రాస్తున్నాను అనుకోండి అని. పుస్తకానికా.

వద్దన్నాను. ఆయన వెళ్లాక గుడ్డ తీశాను.

అంకె ఏడు.

శనివారం, 10

ఒక సంగతి కనిపెట్టాను. సున్నా పక్కన అంకె ఎంత ఉన్నా, సరిగ్గా కొడితే యంత్రం జవాబు చెబుతోంది. బ్రాకెట్, రంగు, నీలం, నలభై, బ్రాకెట్. కిలోలు అనకూడదు. చీటీల మీద అలా రాసి రాసి చెయ్యి దానంతట అదే కిలో అని కొడుతుంది.

జవాబు వచ్చింది: నీలం పొడి 584, ఎరుపు 104, నలుపు 44.

అక్క పుస్తకంలో నలభై కిలోలకు: నీలం 620, ఎరుపు 80, నలుపు 44.

మూడు సార్లు చూశాను. కళ్లద్దాలు తుడిచి చూశాను. తేడా ఉంది.

నా తప్పులు లోపలికి దిగి కొలత తినేస్తున్నాయి.

ఆదివారం, 11

అక్క దగ్గర కూర్చున్నాను. డాక్టరు ఆమెకు ఏ దిగులూ పెట్టవద్దన్నాడు. షెడ్డు ఎలా ఉందని అక్క కళ్లతో అడిగింది. అంతా బాగుంది అన్నాను. యంత్రం బాగుంది అన్నాను. మగ్గాలాయన రాలేదు అన్నాను. ఎందుకన్నానో తెలియదు. వచ్చాడంటే ఎందుకు వచ్చాడో చెప్పాలి, అది చెబితే ఇంకోటి.

నర్సు ఒకావిడ ఉంది, నోరు ఆగదు. "మీ అక్కగారి బీపీ బాగుంది పెద్దమ్మా. ఒకసారి మీ చెయ్యి ఇలా ఇవ్వండి, మీది చూడాలి" అంది. నేను ఇవ్వలేదు.

అంకె పది. ముట్టుకోకూడదనుకుంటూనే ముట్టుకున్నాను. నన్ను క్షమించు అని కొట్టాను. అన్ని మాటలకు అన్ని అంకెలు పెరిగాయి.

సోమవారం, 12

కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించాను. అతను వచ్చేసరికి అంకె పదకొండు. గుడ్డ తీస్తూ ఉంటే మోచెయ్యి తగిలింది. నిజంగానే మోచెయ్యే.

"ఇది లిస్ప్ అనే కంప్యూటర్ భాష మామ్మగారూ. ఎవరు రాశారు?"

"మా అక్క."

"ఆవిడ వయసెంత?"

"డెబ్బై నాలుగు."

అతను కుర్చీ సరిగ్గా లాక్కుని కూర్చున్నాడు.

"డీబగ్గర్‌లో ఉంది. తప్పు దొరికితే చేస్తున్న పని అక్కడే ఆపి, ఏం చేయమంటావని అడుగుతుంది. మీరు జవాబు చెప్పకుండా ఇంకో తప్పు చేశారు. దాని మీద ఇంకోటి. ఇప్పుడు పదకొండు తప్పుల కింద ఉన్నారు."

"నేనా?"

"ఎవరో ఒకరు. ఇదంతా ఎందుకు, ఆపేసి మళ్లీ వేస్తే పోతుంది. మొదట్లా వచ్చేస్తుంది."

"ఏం పోతుంది?"

"తప్పులు."

"తప్పులొక్కటేనా?"

"ఫైల్లో దాచి ఉన్నవన్నీ ఉంటాయి మామ్మగారూ."

"లేనివి?"

"లేనివి ఎలా ఉంటాయి?"

అతని వేలు ఆపే మీట దాకా వెళ్లింది. వద్దు అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఎందుకు వద్దో అతనికి చెప్పలేకపోయాను. మా పనిలో ఉడుకుతున్న తొట్టిని పారబోయం. రంగు తేడా కొడితే ఇంకాస్త పొడి, ఇంకాస్త ఉప్పు వేసి దారిలోకి తెచ్చుకుంటాం. పారబోస్తే అందులో ఏమేం పడిందో ఇక ఎవరికీ తెలియదు. అలా మా అత్తగారు చెప్పారు, ఆవిడకు వాళ్ల అత్తగారు. అదే చెప్పాను.

"ఇది తొట్టి కాదండి" అన్నాడు.

"వేడిగా ఉంది కదా" అన్నాను, పెట్టె మీద చెయ్యి వేసి.

నవ్వి, సంచీ సర్దుకున్నాడు. "మీ ఇష్టం. మీరు ఆపకపోయినా ఏదో రోజు కరెంటు ఆపుతుంది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మంగళవారం, 13

అతను చెప్పినట్టు ఆపేస్తే, మొదట్లా వస్తే, పుస్తకంలో ఉన్న కొలతే వస్తుందేమో. రెండూ ఒకటైతే నాకు బాధ ఉండదు. రెండుసార్లు లేచి మీట దాకా వెళ్లాను.

ఒకసారి తిరిగి వస్తూ ఏదో కొట్టాను. పన్నెండు.

బుధవారం, 14

మచ్చు వేసి చూద్దామని రెండు చిన్న నూలు చిలపలు తీసుకున్నాను, మూడేసి కిలోలు కాదు, ముప్పయ్యేసి గ్రాములు. కానీ యంత్రంలో మూడు కిలోలకు అడిగి నూటికి భాగించుకుందామనుకున్నాను. బ్రాకెట్ మరిచిపోయి ఉత్త మూడు కొట్టి మీట నొక్కేశాను.

పన్నెండు కాస్తా పదకొండు అయింది.

అంకె తగ్గడం ఇదే మొదలు. ఏం చేశానో నాకు తెలియదు. ఏమీ చేయలేదు. దానంతట అదే తగ్గింది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్తే అక్క నీళ్లు అంది. నోటితో అంది. నర్సు కూడా విన్నది.

పదకొండు.

గురువారం, 15

మచ్చులు ఆరాయి. పుస్తకం కొలతతో అద్దిన చిలప పచ్చ కొడుతోంది. యంత్రం కొలతతో అద్దింది మొదటి విడత నూలు ముక్కతో కలిసిపోయినట్టుంది. కానీ అది ఆపరేషన్ అయిన ఎడమ కంటికి. పొర ఉన్న కుడి కంటికి రెండూ బూడిదే. ఏ కంటిని నమ్మాలి.

పుస్తకంలో ఉన్నది అక్క చేతిరాత. రెండోది నా తప్పులతో నిండిన యంత్రం చెప్పిన మాట. నా కన్నే పాడై ఉంటుంది.

శుక్రవారం, 16

కరెంటు పోయింది. కంప్యూటర్‌ను నిలబెట్టే బ్యాటరీ పెట్టె కీచు కీచుమంది. ఆరు నిమిషాలు. పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వచ్చింది.

శనివారం, 17

సరే, రాస్తాను.

ఆ మంగళవారం అక్క పిలిచింది. చేతులు తుడుచుకుని వెళ్లాను. "నువ్వు కొట్టు" అంది. అక్క నన్ను ఎప్పుడూ కొట్టనివ్వదు. నేను ఒక్కో అక్షరం వెతుక్కునేసరికి ఆమెకు విసుగు. నేర్పేటప్పుడు తప్ప నా వేలు ఆ మీటల మీద పడలేదు. ఆ రోజు కొట్టమంది. నలభై కిలో అని కొట్టాను. ఇంగ్లీషు వరసలు వచ్చాయి, నక్షత్రం పోయింది.

"కిలో ఎందుకే" అంది. లేవబోయింది. పడిపోయింది.

పడే ముందు అక్క చివరగా అన్న మాట అది. కిలో ఎందుకే.

ఆ మొదటి తప్పుకు యంత్రం అంకె వేయలేదు. సున్నా పక్కన ఉత్త బ్రాకెట్ మూసింది. రెండో తప్పు నుంచే అంకె వేస్తుంది. కనుక అది లెక్కలోకి రాదేమో.

ఆదివారం, 18

అంకె తగ్గించాలని రోజంతా ప్రయత్నించాను. సున్నా కొట్టాను, అవే వరసలు మళ్లీ వచ్చాయి, అంకె కదల్లేదు. తగ్గు అని కొట్టాను. పెరిగింది. పైకి అని కొట్టాను. పెరిగింది. నక్షత్రం గుర్తే వెతికి కొట్టాను. ఏదో పలికింది కానీ నక్షత్రం నిలవలేదు.

పదహారు.

అక్కకు మధ్యాహ్నం అన్నం పొలమారిందట. నేను చేసిన పనికేనని నాకు తెలుసు. నర్సు మాత్రం గబగబా తిన్నందుకేనని చెప్పింది.

సోమవారం, 19

పదిహేడు. ఇంకా వారం ఉంది. నూలు ఉతికి సిద్ధం చేశాను. తొట్టిలో నీళ్లు నింపాను. ఏ కొలత వేయాలో తెలియదు.

పుస్తకం కొలత వేస్తే ఎవరూ నన్ను ఏమీ అనలేరు. అక్క రాసిందే వేశానంటాను. పరదా మధ్యలో గీత పడితే అక్క రాతకు పడుతుంది, నాకు కాదు.

రాసి చూసుకుంటే ఈ మాట ఎంత పాడుగా ఉందో.

మంగళవారం, 20

అక్కకు చెప్పేశాను.

ఇవాళ నాలుగైదు మాటలు కూర్చగలుగుతోంది. మధ్యలో ఆగి, మాట వెతుక్కుని, మళ్లీ మొదలుపెడుతుంది. నేను మీటలు వెతుక్కున్నట్టే. దిండు సరిచేస్తూ, ముఖం చూడకుండా అన్నాను.

"అక్కా, నక్షత్రం పోయింది."

"ఎన్ని?" అంది.

ఏమిటి ఎన్ని అని అడగాల్సిన పని లేకపోయింది. ఇన్ని రోజులుగా నేను చూస్తున్న అంకె ఆమెకు తెలుసు.

"పదిహేడు."

అక్క మూతి ఎడమ పక్కే నవ్వింది. "అన్నీ... నువ్వే?"

"నేనే. కొలత కూడా పాడుచేశాను. పుస్తకంలో ఒకటి ఉంది, యంత్రం ఇంకోటి చెబుతోంది. ఎరుపు ఎక్కువ చెబుతోంది."

"నూట నాలుగు" అంది అక్క.

నేను దిండు వదిలేశాను.

"కొత్త డబ్బా. నీలం పొడి. పచ్చ... కొడుతోంది. నేనే మార్చా. సోమవారం."

"పుస్తకంలో రాయలేదేం?"

"రాద్దామనుకున్నా. మర్నాడు."

మర్నాడు మంగళవారం.

"ఫైల్లో?" అన్నాను, ఆ మాట నాకేదో తెలిసినట్టు.

అక్క కళ్లు మూసుకుంది. తెరిచేసరికి భయం ఉంది వాటిలో. ఆమె కళ్లలో అది నేనెప్పుడూ చూడలేదు, భయపడడం నా వంతు. "ఆపేశావా?"

"లేదు."

"ఎవరూ?"

"ఒకతను ఆపబోయాడు. ఆపనివ్వలేదు."

"ఎందుకు?"

"భయమేసింది" అన్నాను. ఇంకేం చెప్పను.

అక్క ఎడమ చేత్తో నా ముంజేయి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. తర్వాత చెప్పింది, ముక్కలు ముక్కలుగా. తప్పు చేయగానే వచ్చే వరసలకు ముందు అంకెలుంటాయి. అవి దారులు. చివరి వరస అంకె కొట్టాలి.

"అది ఇంగ్లీషు కదే అక్కా."

"అంకె కూడా... ఇంగ్లీషేనా?"

"చివరిదే ఎందుకు?"

"మధ్యవి ఒక్కో మెట్టు. చివరిది... బయటికి."

"కొలత పోదు కదా?"

"పోదు. తప్పులే పోతాయి, చిట్టీ."

పేరు పెట్టి పిలిచింది. నర్సు వచ్చి సమయం అయిపోయిందంది. అసలు సంగతి చెప్పకుండానే వచ్చేశాను.

బుధవారం, 21

చేతులు కడుక్కుని కూర్చున్నాను. ముందు 584, 104, 44 ఇంకోసారి చీటీ మీద రాసి, చీటీ డబ్బాలో పెట్టి, డబ్బా అలమరలో పెట్టాను.

వరసలు కనబడాలంటే ఇంకో తప్పు చేయాలి. తెలిసి తప్పు చేయడం నా వయసులో ఇదే మొదటిసారి. కిలో అని కొట్టాను.

పద్దెనిమిది. వరసలు వచ్చాయి. ఇన్ని రోజులూ కింద అంకె చూసి గుడ్డ కప్పేదాన్ని, పైన ఉన్నవి చదవలేదు. సున్నా, ఒకటి, రెండు, ఆ మూడూ మూడు రకాలు. మూడు నుంచి అన్నీ ఒకే అచ్చు, వరస చివర మాత్రం పదిహేడు, పదహారు, పదిహేను అంటూ దిగుతున్నాయి. మూడు కొట్టిన రోజు ఒక మెట్టు ఎక్కానన్నమాట. అక్క నీళ్లు అడిగిన రోజది. దానికీ దీనికీ సంబంధం లేదు. లేదనే అనుకోవాలి.

అన్నిటికంటే చివర ఇరవై. ఆ వరస చివర ఇక అంకె లేదు.

ఇరవై కొట్టాను.

నక్షత్రం.

కాసేపు ఊరికే చూశాను. తర్వాత బ్రాకెట్, రంగు, నీలం, నలభై, బ్రాకెట్. 584. 104. 44.

పుస్తకంలో అక్క రాత కింద నా రాతతో రాశాను. కొత్త డబ్బాకు అని కూడా రాశాను. నా అక్షరాలు ఆమె అక్షరాల పక్కన వంకరగా ఉన్నాయి. ఉండనీ. పెట్టె ఆపలేదు. అక్క ఇంటికి వచ్చి ఫైల్లో ఎక్కించేదాకా ఆపను.

శుక్రవారం, 23

తొట్టి రెండు రోజులు ఉడికింది. నూలు ఆరుతోంది.

శనివారం, 24

మగ్గాలాయన నేసిన గుడ్డ ముక్క తెచ్చి, చిలప దాని మీద వేసి, వాకిట్లో ఎండలోకి తీసుకెళ్లి చూశాడు. తిప్పి చూశాడు. నేను లోపలే నిలబడ్డాను.

"చెల్లెమ్మా, నీ చిలప ఏది, నా గుడ్డ ఏది? తెచ్చుకున్నవాడిని నేనే వెతుక్కోవాలి" అన్నాడు.

గడువుకు రెండు రోజుల ముందే నూలు బండిలో వేసుకుని వెళ్లాడు.

ఆదివారం, 25

అక్కను కుర్చీలో కూర్చోబెట్టారు. నూలు సంగతి చెప్పాను. తలాడించింది. ఇక చెప్పకుండా ఉండడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

"అక్కా, మొదటిది కూడా నాదే."

"ఏ మొదటిది?"

"అంకె వేయనిది. ఆ రోజు కిలో అని కొట్టాను కదా. నీకు కోపం వచ్చింది. కోపంతో లేచావు. అందుకే పడ్డావు."

అక్క నా వైపు చూసింది. కోపం కాదు. లెక్క తప్పు వేసిన పిల్లను టీచరు చూసినట్టు, ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు.

"నిన్నెందుకు కొట్టమన్నానే?"

"ఏమో."

"ఎప్పుడైనా... కొట్టమన్నానా?"

"లేదు."

ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి, ఒడిలో పెట్టుకుంది. ఇంకొకరి వస్తువులా.

"అప్పటికే వేళ్లు పోయాయి. మీట... తగలడం లేదు. అందుకే పిలిచా."

నర్సు వచ్చి ఇవాళ పెద్దమ్మ ఇంత మౌనంగా ఉందేమిటి, బీపీ చూడనా అంది. చెయ్యి ఇచ్చాను.

ఇంటికి వచ్చి ఆరో తేదీ పేజీ తీశాను. ఉన్నది కొట్టేయలేదు. కింద రాశాను: అక్క పక్కనే ఉన్నాను. పడుతుంటే పట్టుకోబోయాను. అందలేదు.

సోమవారం, 26

పదిహేను కిలోల కొత్త నూలు వచ్చింది. కూర్చుని కొట్టాను. చెయ్యి అలవాటున మళ్లీ కిలో అంది.

వరసలు వచ్చాయి. చివరిది మూడు. మూడు కొట్టాను.

నక్షత్రం.